చూశానన్న యాభై తూటాలు

సెప్టెంబరు 27, శనివారం

ఆర్విడ్ ఇవాళ కింది గదిలోకి దిగాడు. జూలైలో పక్షవాతం వచ్చాక ఇదే మొదటిసారి. పదకొండు మెట్లు. ఒక్కో మెట్టు మీద రెండు పాదాలూ కలుపుకుంటూ దిగాడు. నేను ఒక మెట్టు కిందగా, వెనక్కి నడుస్తూ, చేతులు చాచుకుని.

"నేను పడితే పట్టుకుంటావా, ఇద్దరం కలిసి పడతామా?" అన్నాడు.

"కలిసే పడదాం. ఆస్పత్రికి ఒకటే ప్రయాణం."

నవ్వాడు. ఎడమవైపు పెదవి ఇంకా పూర్తిగా లేవదు.

తను ఇంట్లో తూటాలు నింపుకునే బల్ల నిండా దుమ్ము. తుడిచాను. గుండ్లు బిగించే ప్రెస్ పిడికి నూనె రాశాడు. పనేమీ చేయలేదు. ఒక్కో డబ్బా చేతిలోకి తీసుకుని దాని మీద తనే రాసుకున్నది చదువుకుంటూ కూర్చున్నాడు. నేను పైకొచ్చి బట్టలు మడతపెడుతూ కుర్చీలోనే నిద్రపోయాను. గంటన్నర. ఇన్ని నెలల్లో పగలు అంతసేపు కన్ను మూసింది లేదు.

కనుక కిందికి వెళ్ళడం మంచిదే. ఇద్దరికీ.

సెప్టెంబరు 30

థోరా వదిన ఫోను చేసింది. వసంతంలో భుజానికి ఆపరేషన్ అయింది కదా, దాని గురించి.

"మరదలా, ఆ డాక్టరు కుర్రాడు నన్ను ఈ ఏడు వేటకి వెళ్ళొద్దంటున్నాడు. తుపాకి తన్నితే కీలు మళ్ళీ ఊడుతుందట. వాడి వయసెంతనుకున్నావు? నా బూట్లకున్నంత లేదు."

"వెళ్ళకు మరి, వదినా."

"నీ సలహా అడిగానా? నీ మొగుడికివ్వు ఫోను."

ఆర్విడ్ అక్కతో అరగంట మాట్లాడాడు. మాటలు తడబడలేదు. చివర్లో విన్నాను: "తూటాల్లో మందు తక్కువ పోసి మెత్తటివి చేస్తాలే అక్కా. భుజానికి దిండుతో కొట్టినట్టుంటుంది. నాన్న రైఫిలే తీసుకెళ్ళు. నేను ఎలాగూ ఈ ఏడు కొండెక్కను."

ఆ చివరి మాట మామూలుగానే అన్నాడు. ఫోను పెట్టాక కిటికీలోంచి చాలాసేపు బయటికి చూశాడు.

అక్టోబరు 4, శనివారం

ఆర్విడ్ వ్యాయామ చికిత్సకి గ్రేట్ ఫాల్స్ పట్నం వెళ్ళిరావడం, వారానికి మూడుసార్లు. రానూ పోనూ రెండున్నర గంటలు, నడిపేది నేనే. నా మోకాలు బాగాలేదు.

తూటాల పని మొదలైంది. కాల్చేసిన ఇత్తడి గుల్లలు శుభ్రం చేశాడు, అడుగున మందుని అంటించే కొత్త ప్రైమర్లు కుడిచేత్తో దిగ్గొట్టాడు. రోజుకి ఇరవై. అలసిపోయినా ఆనందంగా పైకొస్తున్నాడు.

ఒకటి గమనించాను. యాభై కన్నాల చెక్కలో ఖాళీ గుల్లలన్నిటినీ మూతులు పైకి పెట్టి ఉంచాడు. మునుపు అలా కాదు. అన్నీ బోర్లించి ఉండేవి. ఒకటి తీసి తిప్పి, కొలచెంచాతో మందు పోసి, నిలబెట్టేవాడు. బోర్లా ఉన్నది ఖాళీ, నిలబడ్డది నిండింది, పొరపాటుకి చోటు లేదు అనేవాడు. ఇప్పుడు ఎడమచెయ్యి వణుకుతుంది కదా, తిప్పుతుంటే పడిపోతున్నాయట.

"చివర్లో నువ్వు టార్చి వేసి చూస్తావుగా" అన్నాడు.

చూస్తాను. ఇరవై ఏడేళ్ళుగా చూస్తున్నాను. ఒక్కో గుల్లలోకీ వెలుగు వేసి, లోపల మందు ఎత్తు పక్కదానితో సమానంగా ఉందో లేదో చూసి, తూటాల లెక్కల పుస్తకంలో ఆర్విడ్ రాసిన వరుస చివర నా పొడి సంతకం. ఆ సంతకం పడ్డాకే సీసపు గుండ్లు బిగించేది.

అక్టోబరు 9, గురువారం

వదిన తూటాలు యాభై పూర్తయ్యాయి. చూశాను. సంతకం పెట్టాను. రాత్రికి మీట్‌లోఫ్, ఉడికించిన బంగాళాదుంపలు.

అక్టోబరు 10

మోకాలు వాచింది. ఐసు.

అక్టోబరు 12, ఆదివారం

ఆర్విడ్ రాత వంకర్లు పోతోంది, పుస్తకంలో అంకెలు నేను మళ్ళీ శుభ్రంగా రాస్తున్నాను. మందు డబ్బా పని మొదలుపెట్టకముందు తూకం, ముగిశాక తూకం. తీసివేస్తే యాభై తూటాల మందు రావాలి. యాభై ఒకటికి సరిపోయేంత వస్తోంది.

ఒలికి ఉంటుంది. చెయ్యి వణుకుతుంది కదా. ఒలికే ఉంటుంది.

అక్టోబరు 13

కింద బల్ల చుట్టూ చీపురుతో ఊడ్చాను. చేటలో మందు పలుకులు కొన్ని ఉన్నాయి. ఒక తూటాకి సరిపోయేన్ని లేవు. కానీ బల్ల చెక్కల సందుల్లోకి కూడా పోతాయి.

పెట్టె తెరిచి తూటాలు ఒక్కోటీ తూచాను. ఏ రెండూ సమానంగా లేవు. గుల్లలు నాలుగు రకాలవి, గుండ్లు ఆర్విడ్ ఇంట్లో పోతపోసినవి, వాటిలోనే అంత తేడా ఉంటుంది. తూకం ఏమీ చెప్పదు. పెట్టె మూసేశాను.

చూశాను కదా. సంతకం ఉంది.

అక్టోబరు 17, శుక్రవారం

వదిన వచ్చింది. వరండాలోంచే కేక: "ఏడీ మా తమ్ముడు? ఇంకా ముసలాళ్ళ నడక నడుస్తున్నాడా, మనుషుల నడక నడుస్తున్నాడా?"

ఆర్విడ్ కర్ర లేకుండా గుమ్మం దాకా నడిచి చూపించాడు. ఆవిడ మొహం పక్కకి తిప్పుకుంది. తరువాత కాఫీ బాగాలేదంది.

రైఫిల్ సంచిలో పెట్టుకుంది. ఆర్విడ్ తూటాల పెట్టె తనే రెండు చేతులా పట్టుకొచ్చి ఇచ్చాడు.

"నీ చేత్తో చేసినవేనా?"

"అన్నీ నేనే. మార్లిస్ చూసింది."

"అయితే సరే" అంది వదిన. ఇంకేమీ అడగలేదు. ఈ ఊళ్ళో ఎవరూ ఇంకొకరు ఇంట్లో నింపిన తూటా కాల్చరు. సొంత అన్నదమ్ములైనా సరే. మా వీధిలో ఉండే ఓరిన్ ఎడమచేతికి రెండు వేళ్ళు లేవు, స్నేహితుడి తూటా కాల్చినందుకు. వదిన మాత్రం ఆర్విడ్‌వి కాలుస్తుంది. ఒకే తండ్రి తుపాకి, ఒకే బల్ల అంటుంది.

ఇరవై నాలుగో తారీకు మధ్యాహ్నం వేటకి కొండ మీదికి వెళుతుందట. అక్కడ ఫోన్లు అందవు.

డబ్బా తూకం సంగతి నేను ఎత్తలేదు. అనడానికి ఏముంది?

అక్టోబరు 19, ఆదివారం

వదిన కంకర గుంట దగ్గర పది తూటాలు కాల్చి చూసిందట. పదీ పళ్ళెమంత చోట పడ్డాయట. "భుజానికి తెలియనే లేదురా" అని తమ్ముడితో చెప్పింది. ఆర్విడ్ రోజంతా ఈలవేస్తూనే ఉన్నాడు. ఈల సరిగా రాదు, గాలి పక్కనుంచి పోతుంది. అయినా వేస్తున్నాడు.

పది బాగున్నాయి. మంచిదే.

ఇంకా నలభై.

అక్టోబరు 20, సోమవారం

పది బాగున్నాయంటే నలభై బాగున్నాయని కాదు. మంచివి పది తీసేస్తే, చెడ్డది ఉంటే, అది ఇప్పుడు నలభైలో ఒకటి. ఒక్కో మంచిది కాల్చినకొద్దీ అది దగ్గరికొస్తుంది. నిన్న ఈ లెక్క తెలియనట్టు రాసుకున్నాను.

తొమ్మిదో తారీకున "చూశాను" అని రాశాను. నేను చూడలేదు.

జరిగింది ఇది. ఆర్విడ్ యాభై గుల్లల్లోనూ మందు పోసి, మూడింటికి పైకొచ్చాడు. "చూసి రా, ఒక కునుకు తీసి గుండ్లు బిగిస్తా" అని పడుకున్నాడు. నేను మెట్ల దాకా వెళ్ళాను. దీపం వేశాను. పదకొండు మెట్లు కనిపించాయి. ఆ రోజు పొద్దున వ్యాయామం, మధ్యాహ్నం దుప్పట్లు ఉతకడం. నిలబడ్డాను. దీపం తీసేశాను.

మోకాలు వల్ల అని రాయబోయాను. మోకాలు ఒక్కటే కాదు. కిందికి వెళ్ళి చూస్తే ఏదైనా కనిపిస్తుందేమోనని. కనిపిస్తే చెప్పాలి. చెబితే మళ్ళీ ఆ కిటికీ దగ్గర కూర్చుంటాడు. పొద్దస్తమానం. తను కింద ఉండే ఆ రెండు గంటలు నాకు రోజూ కావాలి.

లేచాక అడిగాడు: "చూశావా?"

"చూశాను. అన్నీ ఒకే ఎత్తు."

మెత్తటి తూటాలో మందు కొంచెమే, గుల్ల అడుగున ఉంటుంది. రెండుసార్లు పోసినా సగం నిండదు. పొంగి బయటికి రాదు. గుండు బిగిశాక ఎవరికీ తెలియదు, కాల్చి తుపాకి పగిలేదాకా. రైఫిల్‌ని చెంపకి ఆనించుకుని కాలుస్తుంది వదిన.

అక్టోబరు 22, బుధవారం

మధ్యాహ్నం ఆర్విడ్ పడుకున్నాక నేనే కిందికి దిగాను. గోడ పట్టుకుని. ప్రైమర్లు వేసి ఉన్న వేరే నలభై గుల్లలు బోర్లించాను. ఒక్కోటీ తిప్పి, పోసి, నిలబెట్టాను. టార్చి వేసి చూశాను, రెండుసార్లు. గుండ్లు బిగించాను. గంటా ఇరవై నిమిషాలు పట్టింది. ఇంత సులువైన పని. చూడడానికి పది నిమిషాలు కూడా పట్టేది కాదు.

ఆపిల్ పై ఒకటి తీసుకుని వదినింటికి వెళ్ళాను. ఆవిడ వంటింటి బల్ల మీద తూటాలన్నీ తోలు బెల్టులో ఒక్కోటీ గుచ్చుతోంది.

"ఏమిటిది, నాకు శ్రాద్ధం పెడుతున్నావా ముందే?" అంది, నా చేతిలోని ఆపిల్ పైని చూసి.

"ఇవి పట్టుకెళ్ళు వదినా. ఆ పాతవి నాకిచ్చెయ్యి. ఇవి ఇంకొంచెం మెత్తగా ఉంటాయి."

పెట్టె తెరిచి చూసింది. "ఎవరు చేశారు?"

"నేనే."

"వాడు చూశాడా?"

"పడుకున్నాడు."

పెట్టె మూసి నా వైపు తోసింది. "మరదలా, నీ ఆపిల్ పై తింటాను, నీ మంచమెక్కి పడుకుంటాను, నీ చేత జుట్టు కత్తిరించుకుంటాను. నీ తూటా కాల్చను. ఒకడు పోయాలి, ఒకడు చూడాలి. మీ పద్ధతి అదే కదా. వాడు పోశాడు, నువ్వు చూశావు. నాకదే చాలు."

"వదినా..."

"ఏమిటి? మొహం అలా పెట్టావేం? వాడికి బాగాలేదా?"

"బాగానే ఉన్నాడు."

నా పెట్టె నేను తెచ్చేసుకున్నాను. ఆపిల్ పై అక్కడే వదిలేశాను.

అక్టోబరు 23

రేపు మధ్యాహ్నం వెళుతుంది. గుడ్లు, పాలు, ఆర్విడ్ రక్తపోటు మాత్రలు తేవాలి.

అక్టోబరు 24, శుక్రవారం

పొద్దున తొమ్మిదికి వెళ్ళాను. ట్రక్కులో సామాను ఎక్కిస్తోంది వదిన. మంచు సన్నగా పడుతోంది.

"నేను చూడలేదు" అన్నాను.

"ఏం చూడలేదు?"

"తూటాలు. సంతకం పెట్టాను, చూడలేదు. డబ్బా తూకంలో ఒక తూటా మందు ఎక్కువ పోయింది. ఒలికి ఉండొచ్చు. ఉండకపోవచ్చు."

వదిన చేతిలో పొయ్యి గ్యాసు డబ్బా ఉంది. నెమ్మదిగా కింద పెట్టింది.

"ఆదివారం పది కాల్చాను."

"తెలుసు."

"అప్పటికి నీకు తెలుసా?"

"తెలుసు."

తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. బెల్టు తీసి నా చేతిలో పెట్టింది. అది చాలా బరువుగా ఉంది.

"వాడికి చెప్పావా?"

"లేదు."

"ట్రక్కెక్కు."

ఆర్విడ్ ఓట్స్ తింటున్నాడు. వదిన వచ్చీ రాగానే బెల్టు బల్ల మీద పెట్టి, "నీ పెళ్ళాం ఏదో చెబుతుంది విను" అని కుర్చీ లాక్కుంది. చెప్పాను. దీపం వేసి తీసేయడం కూడా చెప్పాను. రెండు గంటల సంగతి మాత్రం చెప్పలేదు.

ఆర్విడ్ చెంచా కింద పెట్టాడు. "అన్నీ ఊడదీయాలి. పదండి కిందికి" అన్నాడు. అంతే.

గుండు ఊడదీసే బోలు సుత్తిలో తూటాని బిగించి దుంగ మీద కొడితే మూడు నాలుగు దెబ్బలకి గుండు ఊడి, మందు బయటపడుతుంది. వదిన భుజం పనికిరాదు, ఆర్విడ్ ఎడమచెయ్యి పనికిరాదు. నేనే కొట్టాను. ఊడిన మందు ఆర్విడ్ త్రాసు పళ్ళెంలో పోసి తూకం చెబుతుంటే వదిన గీతలు పెట్టింది. సరి. సరి. సరి. ఇరవై దాటాక వదిన అంది, "చూడ్డానికి దీనికంటే టీవీలో ఫుట్‌బాల్ నయం." నవ్వబోయాను, ఎవరూ నవ్వలేదు.

ముప్ఫై మూడోది. పళ్ళెంలో మందు కుప్ప చూడగానే తెలిసింది, తూచనక్కరలేదు. అయినా తూచాడు. సరిగ్గా రెండింతలు.

"ఓహో" అంది వదిన. "నా వాటా అన్నమాట."

లేచి, ఆ కింది గది చిన్న కిటికీ దగ్గరికి వెళ్ళి, మాకు వీపు పెట్టి నిలబడింది. ఒక చెయ్యి చెంప మీద ఉంది, తుపాకి ఆనే చోట.

ఆర్విడ్ ఆ పళ్ళెం పక్కన పెట్టాడు. "ఇంకా ఏడున్నాయి. కొట్టు" అన్నాడు. ఏడూ కొట్టాను. అన్నీ సరి.

నా పెట్టెలోవి తెస్తానన్నాను. ఇప్పుడు ఆర్విడ్ చూస్తాడు, చూశాక తీసుకెళ్ళమన్నాను.

"ఈ ఏడు వద్దు" అంది వదిన. "నేను వెళ్ళి వేటకొచ్చే ఆ మగాళ్ళకి వంట చేస్తాను. వాళ్ళకి తూటా కంటే అదే ప్రమాదం."

వెళ్ళేటప్పుడు గుమ్మంలో నన్ను పట్టుకుంది. కౌగిలించుకుందో, పడకుండా ఆనుకుందో తెలియలేదు. "వచ్చి చెప్పావు" అంది. "ఆలస్యంగా చెప్పావు. రెండూ గుర్తుంచుకుంటాను."

అక్టోబరు 25, శనివారం

వేట మొదలైన రోజు. పొద్దున్నే దూరంగా రెండు కాల్పులు వినిపించాయి. ఆర్విడ్ తల తిప్పలేదు.

ఊడదీసిన మందు పెరట్లో రూబార్బ్ మొక్కల మడిలో ఎరువుగా చల్లాను.

మధ్యాహ్నం తనే మాట్లాడాడు. కోపం లేదు గొంతులో. అలసట ఉంది.

"ఆ రోజు మందు పోస్తూ ఇరవై ఎనిమిదో దాని దగ్గర ఉన్నాను. నువ్వు పైనుంచి మాత్ర వేసుకోమని పిలిచావు. తల ఎత్తి 'ఆ' అన్నాను. మళ్ళీ కిందికి చూసేసరికి చెంచా ఖాళీగా ఉంది. పోశానో లేదో తెలియలేదు."

"అనుమానం వస్తే అన్నీ ఒంపేసి మళ్ళీ మొదలుపెట్టాలి అంటావుగా."

"అంటాను. ఇరవై ఎనిమిది ఒంపాలి. చెయ్యి వణుకుతోంది. నువ్వు చూస్తావుగా అనుకున్నాను. పడుకున్నానే గాని నిద్ర పట్టలేదు. నువ్వు మెట్ల దగ్గర దీపం వేసిన చప్పుడు విన్నాను. చూశావా అని అడిగితే చూశానన్నావు, అన్నీ ఒకే ఎత్తన్నావు." ఎడమచెయ్యి ఒళ్ళోకి లాక్కున్నాడు. "ఎంత హాయిగా అనిపించిందో. నా బుర్ర ఇంకా పనిచేస్తోందనుకున్నాను."

వంటింట్లోకెళ్ళి రెండు కప్పుల కాఫీ తెచ్చాను.

"నేను పిరికితనంతో నీకు వదిలేశాను" అన్నాడు. "నువ్వు ఎందుకు వదిలేశావు?"

రెండు గంటల సంగతి అప్పుడు చెప్పాను. బట్టలు మడతపెడుతూ నిద్రపోవడం గురించి. విన్నాడు. "అడిగి ఉంటే ఇచ్చేవాణ్ణి" అన్నాడు. నిజమే. అడగాలని తోచలేదు.

అక్టోబరు 27

గ్రేట్ ఫాల్స్. మంచు వల్ల మూడు గంటలు పట్టింది. దారిలో రేడియో.

ఆర్విడ్ కింది గదికి వెళ్ళలేదు. నేను అడగలేదు.

అక్టోబరు 29, బుధవారం

వదిన కొండ దిగింది. ఫోనులో తమ్ముడితో, "నీ ఎల్క్ దుప్పి అక్కడే ఉంది, నీ కోసం అడిగింది" అందట. నాతో మాట్లాడలేదు. నా ఒంట్లో ఎలా ఉందని మాత్రం అడిగిందట.

భోజనం అయ్యాక ముందు గదిలో కూర్చున్నాం. ఆర్విడ్ పత్రిక మడిచి అడిగాడు:

"పొయ్యి కట్టేశావా?"

"కట్టేశాను."

ఒక్క క్షణం నా వైపు చూశాడు. లేచాడు. కర్ర తీసుకోకుండా, గోడ పట్టుకుంటూ వంటింట్లోకి వెళ్ళాడు. ఒక్కో మీట దగ్గరా ఆగి చూస్తున్న చప్పుడు వినిపించింది. నాలుగు. వచ్చి కూర్చుని, మళ్ళీ పత్రిక విప్పాడు.